పాత టెలివిజన్ పెట్టె: బొమ్మ చెప్పే దోషాలు

టెలివిజన్ పెట్టెను గురించి రేడియోలో ప్రసంగించడం కొంత వింతగా తోచవచ్చు. కాని ఈ రెండు యంత్రాలూ ఒకే ఇంటి తోబుట్టువులు. ఒకప్పుడు రెండింటి ప్రాణమూ గాజు వాల్వులోనే ఉండేది. వాల్వు రేడియోను భద్రంగా దాచుకున్న ఇళ్లలోనే పాత టెలివిజన్ కూడా తరచు కనబడుతూ ఉంటుంది. పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో, మిర్యాలగూడలో కానీయండి, వనపర్తిలో కానీయండి, ఏ పాత ఇంటి అటక మీదనో, ధాన్యం గది మూలనో, ముందు భాగాన జరుపుడు తలుపులూ తాళమూ గల ఒక కొయ్య పెట్టె ఈనాటికీ దుమ్ము కప్పుకొని ఉంటుంది. దానిని తిరిగి వెలిగించవలెనని పిల్లలో, మనుమలో ముచ్చటపడతారు. ఆ ముచ్చట మంచిదే. అయితే తొందరపాటుతో ఆ పెట్టెకు మరమ్మతుకు లొంగని హాని చేయడం కూడా అంతే సులభం. ఆ హానిని ఎట్లా తప్పించుకోవచ్చునో, తెర మీద కనబడే దోషాన్ని చూసి లోపలి రోగాన్ని ఎట్లా గుర్తించవచ్చునో చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మన మెట్ట ప్రాంతానికి బొమ్మ మొదట ఆకాశం నుండి దిగివచ్చింది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికా వారి ఏ.టి.ఎస్. 6 అనే ఉపగ్రహం సాయంతో, ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు విద్యా ప్రసారాలు జరిగాయి. వాటిలో మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలు కూడా ఉన్నాయి. ఇనుప జాలితో అల్లిన పది అడుగుల గొడుగు వంటి ఏరియల్, దాని పక్కన హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వారు తయారు చేసిన పెట్టె, ఎదుట నేల మీద ఊరు ఊరంతా! ఆ ఏడాది ముగిసిన తరువాత తెర మళ్లీ చీకటి అయింది. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైన పిదప, దాదాపు వంద కిలోమీటర్ల దూరాన ఉన్న నల్లగొండ, పాలమూరు పట్టణాలలో స్తోమత గలవారు మిద్దెల మీద ఎత్తైన ఇనుప గొట్టాలు నిలిపి, ఏరియల్ కట్టి, బూస్టరు తగిలించి, ఇళ్లలోకి బొమ్మను రప్పించుకున్నారు. ఆనాటి పెట్టెలలో కొన్ని పూర్తిగా ట్రాన్సిస్టర్లవి. కొన్ని వాల్వులూ ట్రాన్సిస్టర్లూ కలిసి పనిచేసేవి. ఈ రెండవ రకపు పెట్టెలను గురించే నేను చెప్పబోతున్నాను.

ఇటువంటి పెట్టెలో తిరిగి దొరకని వస్తువు ఒక్కటే ఉన్నది. అది పిక్చర్ ట్యూబు. వాల్వులు పాత దుకాణాలలో వెదికితే దొరుకుతాయి. కండెన్సర్లు, రెసిస్టెన్సులు కొత్తవి కొని వేసుకోవచ్చు. పిక్చర్ ట్యూబులు మాత్రం ఈనాడు మన దేశంలో తయారు కావడం లేదు. ట్యూబు చెడినట్లయితే ఆ పెట్టె ఇక కొయ్య సామానే. కనుక బాగుచేయడానికి పూనుకున్నవాడు ప్రతి అడుగులోనూ తనను తాను వేసుకోవలసిన ప్రశ్న ఇది: నేను చేస్తున్న ఈ పని వల్ల ట్యూబుకు గాని, మనిషికి గాని కీడు కలుగుతుందా?

ముందు మనిషి సంగతి చెబుతాను. ఇటువంటి పెట్టెలలో చాలావాటిలో గోడ నుండి వచ్చే 230 వోల్టుల కరెంటు తీగలలో ఒకటి తిన్నగా లోపలి ఇనుప చట్రానికి, అంటే ఛాసిస్‌కు, కలిపి ఉంటుంది. ప్లగ్గు తిరగవేసి పెడితే ఛాసిస్ అంతటా కరెంటు పారుతుంది. మీట మీది ప్లాస్టిక్ బిరడా ఊడిపోయి ఇనుప కడ్డీ బయటపడి ఉంటే, దానిని ముట్టుకున్న పిల్లవాడికి షాకు తగులుతుంది. అందువల్ల బల్ల మీద పనిచేసేటప్పుడు ఒకటికి ఒకటి నిష్పత్తి గల ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారానే కరెంటు ఇవ్వవలె. రెండవ ప్రమాదం పిక్చర్ ట్యూబు పక్కన రబ్బరు టోపీ కింద ఉంటుంది. అక్కడ 15 వేల నుండి 18 వేల వోల్టుల వరకు ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా ట్యూబు ఆ విద్యుత్తును చాలాసేపు తనలో నిలుపుకుంటుంది. ఒకసారి ఖాళీ చేసినా కొంత తిరిగి పుట్టుకు వస్తుంది. కనుక రెండు మూడు మారులు ఖాళీ చేయడం నేర్చినవారి పద్ధతి. మూడవది ట్యూబులోని శూన్యం. బయటి గాలి గాజు మీద చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలోగ్రాము బలంతో నొక్కుతూ ఉంటుంది. 51 సెంటీమీటర్ల తెర మీద ఆ బరువు ఒక టన్నుకు మించుతుంది. ట్యూబును మెడ పట్టుకొని ఎత్తితే ఆ బలమంతా ఒక్క క్షణంలో బద్దలు కావచ్చు. ఈ మూడు సంగతులూ తెలియనివారు వెనుక అట్ట విప్పకుండా, పాత పనివాని చేతికి అప్పగించడం ఉత్తమం. ఇకమీద చెప్పేది అటువంటి పనివానికీ, అతని పక్కన నిలబడి చూసే గృహస్థుకూ కూడా ఉపయోగపడవలెనని నా ఆశ.

చాలా ఏళ్లు మూలపడిన పెట్టెకు ఒక్కసారిగా కరెంటు ఇవ్వరాదు. ముందు దుమ్ము దులపవలె. లోపల బల్లి గుడ్లు, బొద్దింకల మలినం, ఎలుక కొరికిన తీగలు తరచు కనబడతాయి. పెద్ద ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు వాడకం లేక లోపలి పొరను కోల్పోయి ఉంటాయి. హఠాత్తుగా కరెంటు తగిలితే అవి వేడెక్కి పగులుతాయి. వాటిని పరీక్షించి, ఉబ్బినవీ కారినవీ మార్చిన తరువాత, 100 వాట్ల బల్బును వరుసలో కలిపి మొదటిసారి కరెంటు ఇవ్వడం మన మెకానిక్కుల అలవాటు. ఇది చాలా మంచి అలవాటు. బల్బు నిండుగా వెలిగి అట్లాగే నిలిస్తే లోపల ఎక్కడో షార్టు ఉన్నదన్నమాట. మసకబారితే ముందుకు సాగవచ్చు. బల్బు ఉన్నంతసేపు పెట్టెకు చాలినంత వోల్టేజి అందదు. కాబట్టి అప్పుడు తెర వెలగలేదని దిగులు పడనవసరం లేదు.

ఇక బొమ్మ సంగతి. టెలివిజన్ తెర మీద బొమ్మ ఎట్లా ఏర్పడుతుందో తెలుసుకోవడానికి మన జిల్లాల మగ్గాలే చాలు. పోచంపల్లిలోనో, గద్వాలలోనో, నారాయణపేటలోనో నేతగాని పక్కన కొంతసేపు కూర్చోండి. నాడె అడ్డంగా వేగంగా పోతూ పేక వేస్తుంది. గుడ్డ నెమ్మదిగా నిలువుగా పెరుగుతుంది. టెలివిజన్ ట్యూబులో నాడెకు బదులు ఎలక్ట్రాన్ల ధార ఉంటుంది. అది అడ్డంగా సెకనుకు 15,625 మారులు పరుగెత్తుతుంది. నిలువుగా సెకనుకు 50 మారులు దిగివస్తుంది. ఈ రెండు నడకలూ కలిసి 625 గీతల బొమ్మను సెకనుకు 25 మారులు నేస్తాయి. పోచంపల్లి నేతలో నూలుకు ముందే కొలత ప్రకారం రంగు కట్టి ఉంటుంది. ఆ పోగు సరిగా తన స్థానంలో పడితేనే పువ్వు పువ్వుగా కనబడుతుంది. ఒక వేలెడు జరిగితే పువ్వు చెదిరిపోతుంది. టెలివిజన్ కూడా అంతే. స్టేషను నుండి వచ్చే వెలుగు నీడలు కొలత ప్రకారం వస్తాయి. వాటిని ఏ గీత మీద ఏ చోట పరచవలెనో చెప్పే సంజ్ఞలు కూడా వాటితోనే వస్తాయి.

కనుక తెరను చూసి మూడు ప్రశ్నలు, ఈ వరుసలోనే, వేసుకోవలె. వెలుగు ఉన్నదా? ఆకారం సరిగా ఉన్నదా? బొమ్మ నిలకడగా, స్పష్టంగా ఉన్నదా? మగ్గం ఆడుతున్నదా, గుడ్డ వెడల్పు సరిగా ఉన్నదా, పువ్వు కుదిరిందా అని అడగడం వంటిదే ఇది. మొదటి ప్రశ్నకు జవాబు దొరకనిదే మూడవదానికి పోవడం వ్యర్థం.

మొదటి దోషం: వెలుగే లేకపోవడం. వాల్వులు ఒక్కటీ వెలగకపోతే కారణం సులభం. ఈ పెట్టెలలో వాల్వుల పేర్లు పి అనే అక్షరంతో మొదలవుతాయి. వాటి లోపలి హీటరు తీగలన్నీ ఒకే వరుసలో కలిపి ఉంటాయి. అన్నిటి గుండా 0.3 ఆంపియరు కరెంటు ప్రవహిస్తుంది. పెళ్లి పందిటిలో వేలాడే చిన్న బల్బుల సరంలో ఒకటి మాడితే సరమంతా ఆరిపోయినట్లు, ఒక్క హీటరు తెగితే అన్ని వాల్వులూ చీకటి అవుతాయి. ప్లగ్గు తీసి, చాలావాటిలో 4, 5 సంఖ్యల కాళ్ల మధ్య ఉండే హీటరును మీటరుతో ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోతే దోషి బయటపడతాడు. పిక్చర్ ట్యూబు హీటరు కూడా ఈ వరుసలోనిదే. వరుసకు ముందు ఉండే పెద్ద తీగచుట్టు రెసిస్టెన్సు కూడా తరచు తెగుతుంది.

వాల్వులు వెలిగి, ధ్వని వచ్చి, తెర మాత్రం చీకటిగా ఉంటే లోపం అడ్డపు నడక విభాగంలో వెదకవలె. పిక్చర్ ట్యూబుకు కావలసిన వేల వోల్టులు పుట్టేది ఆ విభాగంలోనే. అది పనిచేస్తున్నదా లేదా అని తెలుసుకోవడానికి చెవే మొదటి సాధనం. 15,625 కంపనాల సన్నని ఈల వినవస్తే ఆ విభాగం ఆడుతున్నట్లు. అయితే ఈ ఈల పిల్లల చెవికి వినబడినంతగా పెద్దలకు వినబడదు. నేను ఇప్పుడు మా మనుమణ్ణి పిలుస్తాను. వాడు గుమ్మం దగ్గరనే నిలబడి, “తాతా, లోపల సన్నగా ఈల వేస్తున్నది” అంటాడు. పిల్లవాడు దగ్గర లేనప్పుడు మీ ఇంటి రేడియోయే సాయపడుతుంది. మీడియం వేవ్ మీద పెట్టి, టెలివిజన్ పక్కకు తీసుకుపోండి. ముల్లు ఎక్కడికి తిప్పినా బరబరమని గోల వినబడితే అడ్డపు విభాగం సజీవంగా ఉన్నట్లే.

ఈల లేనప్పుడు పి.ఎల్. 504 అనే వాల్వును చూడవలె. దాని లోపలి రేకు ఎర్రగా కాలుతుంటే క్షణం ఆలస్యం చేయక ఆపివేయవలె. దానికి ముందున్న ఆసిలేటరు నుండి రావలసిన ప్రేరణ రావడం లేదని ఆ ఎరుపు చెబుతున్నది. పాపం, ఆ వాల్వు తప్పు కాదు. కాని చాలామంది దానినే తీసి కొత్తది పెడతారు, అదీ కాలిపోతుంది. రేకు ఎర్రబడక, ఈలా లేకపోతే పి.వై. 88 వాల్వు, దాని పక్కనున్న బూస్ట్ కండెన్సరు, పి.ఎల్. 504 స్క్రీన్‌కు పోయే రెసిస్టెన్సు చూడవలె. ఈల ఉండి వెలుగు లేకపోతే హై వోల్టేజి రెక్టిఫయరునూ, ట్యూబు సాకెట్టు మీది వోల్టేజీలనూ అనుమానించవచ్చు.

వెలుగు వచ్చిందనుకుందాం. ఇల్లు అలకగానే పండుగ కాదు గదా! రెండవ ప్రశ్న ఆకారం. ఇందులో అన్నిటికన్నా భయంకరమైనది తెర నడుమ ఒకే ఒక్క అడ్డగీత, కన్నులు మిరుమిట్లు గొలిపే తెల్లని గీత. అడ్డపు నడక ఉన్నది, నిలువు నడక ఆగిపోయిందని దాని అర్థం. తెర అంతటా పరచుకోవలసిన ధార అంతా ఒక్క గీత మీదనే పడుతూ ఉంటుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోక తప్పదు. చాలా ఏళ్ల కింద దేవరకొండ వైపు నుండి ఒక కుటుంబం వారు తమ పెట్టెను నా దగ్గరకు తెచ్చారు. ఇంటి పెద్ద బడిపంతులుగా పనిచేసి పదవీ విరమణ చేసినప్పుడు కొన్న పెట్టె అది. ఆయన కాలం చేశారు. ఆయన భార్యకు దానిని ఇంకొకసారి వెలుగుతుండగా చూడవలెనని కోరిక. వెలుగు వచ్చింది. నడుమ ఒక్క గీత. దోషం దొరికిందన్న ఉత్సాహంలో వెలుగు మీట తగ్గించకుండానే నిలువు విభాగంలో వెదుకులాట మొదలుపెట్టాను. పి.సి.ఎల్. 805 వాల్వు మార్చాను. కాళ్లు శుభ్రం చేశాను. చివరకు ఒక చోట ఊడిన టంకం దొరికింది. బొమ్మ తెర నిండా పరచుకుంది. కాని అప్పటికి దాదాపు అరగంట గడిచింది. వచ్చిన ప్రతి బొమ్మ నడుమ ఒక గోధుమరంగు గీత శాశ్వతంగా నిలిచిపోయింది. లోపలి పూత కాలిపోయింది. ఆ పెద్దమ్మ వచ్చి కొంతసేపు చూసి, “ఏం కాదు బిడ్డా, బొమ్మయితే వచ్చింది గద” అన్నది. ఆ మాటతో నాకు ఊరట కలగలేదు. మీటను ఒక్క చుట్టు తగ్గించి ఉంటే ఆ గీత ఉండేది కాదు. అందుచేత అడ్డగీత కనబడిన మరుక్షణం వెలుగును కంటికి ఆననంతగా తగ్గించి, తరువాతనే వెదకడం ప్రారంభించండి. ఇప్పుడు నా బల్ల మీద ఇదే మొదటి నియమం.

నిలువు నడక బొత్తిగా ఆగక, చాలకపోవడం మరొక రకం. బొమ్మ పైనా కిందా సమానంగా కురుచబడితే, ఎత్తును నిర్ణయించే మీటకు వోల్టేజి అందించే పెద్ద విలువ గల రెసిస్టెన్సు వయసుతో ఇంకా పెరిగి ఉండవచ్చు. కింది భాగం మాత్రమే ముడుచుకొని, మడత పడి, అక్కడ తెల్లగా కనబడితే, పి.సి.ఎల్. 805 గ్రిడ్డుకు పోయే కండెన్సరు కారుతున్నదని అనుమానించవలె. వాల్వు బలహీనపడినా, దాని కాథోడు దగ్గరి ఎలక్ట్రోలిటిక్ ఎండిపోయినా ఎత్తు తగ్గుతుంది.

వెడల్పు రెండు పక్కలా తగ్గితే ముందుగా గోడ దగ్గరి వోల్టేజి కొలవండి. మా పల్లెలలో సాయంత్రం వేళ మోటార్లు నడిచేటప్పుడు వోల్టేజి పడిపోవడం, తెరకు ఇరువైపులా నల్లని అంచులు రావడం ఒకప్పుడు నిత్యకృత్యం. అది పెట్టె తప్పు కాదు; స్టెబిలైజరు లేని లోపం. వోల్టేజి సరిగా ఉండీ వెడల్పు తగ్గితే పి.ఎల్. 504, పి.వై. 88 ముసలివి అయ్యాయన్నమాట. వెలుగు పెంచినకొద్దీ బొమ్మ ఉబ్బి, మసకబారి, చివరకు మాయమైతే హై వోల్టేజి రెక్టిఫయరు నీరసించింది. బొమ్మ ఒకవైపు వెడల్పుగా, మరొకవైపు ఇరుకుగా, మూకుడు అంచు వలె వాలితే ట్యూబు మెడ మీది యోకు చుట్టలలో కొన్ని షార్టు అయ్యాయి. తెరకు అడ్డంగా ఒక నల్లని పట్టీ తేలుతూ, బొమ్మ అంచులు పాము నడకవలె వంకరపోతే కరెంటును వడగట్టే పెద్ద ఎలక్ట్రోలిటిక్ ఎండిపోయినట్లు. మన కరెంటూ, తెర నిలువు నడకా రెండూ సెకనుకు 50 మారులే గనుక ఆ పట్టీ పరుగెత్తక దాదాపు నిలిచి ఉంటుంది. కరెంటు సగం అలను మాత్రమే తీసుకునే పెట్టెలో ఒక్క పట్టీ, రెండు సగాలనూ తీసుకునే పెట్టెలో రెండు పట్టీలు కనబడతాయి. వాల్వు లోపల హీటరుకూ కాథోడుకూ మధ్య కారుడు ఉన్నా ఒక్క పట్టీయే వస్తుంది.

మూడవ ప్రశ్న బొమ్మ. దీనిని పరీక్షించడానికి బొమ్మ ఎక్కడి నుండైనా రావలె గదా! మన ప్రాంతంలో పాత పద్ధతి ప్రసారాలు ఆగిపోయాయి. అందుచేత డి.వి.డి. యంత్రం నుండో, సెట్ టాప్ బాక్సు నుండో వచ్చే సంకేతాన్ని పాత చానలు తరంగంగా మార్చే మాడ్యులేటరు అనే చిన్న పెట్టె కావలె. పాత టెలివిజన్లలో చాలావాటికి వి.హెచ్.ఎఫ్. చానళ్లే ఉంటాయి కాబట్టి మాడ్యులేటరు కూడా ఆ చానళ్లదే చూసి కొనవలె. మరొక జాగ్రత్త కూడా ఉన్నది. ఏరియల్ సాకెట్టును ఛాసిస్ నుండి వేరుచేసే చిన్న కండెన్సర్లు చెడి ఉంటే, ఛాసిస్ మీది కరెంటు ఆ తీగ గుండా బయటి యంత్రంలోకి పాకుతుంది. వాటిని మార్చిన తరువాతనే తీగ తగిలించవలె.

బొమ్మ వచ్చి పైకో కిందికో దొర్లిపోతూ ఉంటే నిలువు హోల్డు మీట తిప్పండి. ఒక చోట బొమ్మ క్షణం ఆగి, మళ్లీ జారిపోతే నడక వేగం సరిగానే ఉన్నది, సంజ్ఞ అందడం లేదు. అప్పుడు సంజ్ఞలను వేరుచేసే విభాగంలో వెదకవలె. ఎంత తిప్పినా బొమ్మ ఆగనే ఆగకపోతే సంజ్ఞ తప్పు కాదు, నడక వేగమే మారింది. ఆ వేగాన్ని నిర్ణయించే కండెన్సర్లనూ రెసిస్టెన్సులనూ కొలవవలె. బొమ్మ వాలుగీతలుగా చీలిపోతే అడ్డపు నడకకు కూడా ఇదే తర్కం వర్తిస్తుంది. నిలువుగా దొర్లుతూ, అడ్డంగా చీలుతూ రెండూ ఒకేసారి జరిగితే రెండు నడకలకూ ఉమ్మడి అయిన సంజ్ఞా విభాగమే దోషి. ఒక్క నిమిషం మీట తిప్పి చూసిన ఈ పరీక్ష ఒక రోజు వెదుకులాటను తప్పిస్తుంది.

తెర మీద బొమ్మ లేక, నువ్వులు చల్లినట్లు చుక్కలు మాత్రం మరుగుతూ, ధ్వనిలో హోరు వినబడితే లోపలి విభాగాలు చాలావరకు క్షేమం. లోపం ట్యూనరులోనో, ఏరియల్ తీగలోనో ఉన్నది. చుక్కలు కూడా లేక, తెల్లని తెర శుభ్రంగా వెలుగుతుంటే లోపం ట్యూనరు తరువాతి విభాగాలలో ఉన్నది. అంటే, శుభ్రమైన తెర కన్నా చుక్కల తెరే మంచి వార్త! హైదరాబాదుకు దూరంగా ఉన్న మా ఊళ్లలో ఆ రోజుల్లో చుక్కలు సహజమని అనుకునేవాళ్లం. అందువల్ల ఎన్నో పెట్టెలలో ట్యూనరు వాల్వు బలహీనపడినా ఎవరూ గమనించలేదు. బూస్టరునే తిట్టుకున్నాం.

బొమ్మ పక్కన దాని నీడ వలె మరొక బొమ్మ కనబడడం కూడా అటువంటిదే. నల్లగొండ పేరులోనే కొండ ఉన్నది. కొండకు తగిలి తిరిగి వచ్చిన తరంగం ఆలస్యంగా చేరి రెండవ బొమ్మను గీసేది. ఒక గీతలో తెర మీద కనబడే భాగం గీయడానికి సెకనులో పది లక్షల భాగాలు 52 పడుతుంది. అంత స్వల్ప కాలంలో ఒక్క భాగానికి తరంగం 300 మీటర్లు పోతుంది. లెక్క కట్టితే, 40 సెంటీమీటర్ల వెడల్పు తెర మీద ఒక సెంటీమీటరు జరిగిన నీడకు తరంగం దాదాపు 400 మీటర్లు చుట్టు తిరిగి వచ్చిందన్నమాట. ఈనాడు మాడ్యులేటరు తీగతో బొమ్మ వస్తున్నది. నడుమ కొండ లేదు. అయినా నీడ కనబడితే అది తీగ సరిగా కుదరకపోవడం వల్లనో, పెట్టె లోపలి ట్యూనింగు చుట్టలను పూర్వం ఎవరో తిప్పివేయడం వల్లనో వచ్చింది. ఆ చుట్టల మరలను తగిన కొలత సాధనాలు లేకుండా తాకరాదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్లు, ఒక చిన్న కండెన్సరు దోషానికి ఆ మరలన్నీ తిప్పి పాడుచేసిన పెట్టెలను ఎన్నో చూశాను.

చివరకు పిక్చర్ ట్యూబు. ఆకారం, నిలకడ అన్నీ సరిగా ఉండీ, బొమ్మ మసకగా, తెల్లని చోట్ల వెండి పూసినట్లు మెరుస్తూ, వేడెక్కిన తరువాత గాని స్పష్టపడకపోతే ట్యూబు ముసలిదైంది. హీటరు వోల్టేజి పెంచి దానికి యవ్వనం తెప్పించే పద్ధతి ఒకటి ఒకప్పుడు వాడుకలో ఉండేది. దానివల్ల కొన్నాళ్లు వెలుగు పెరుగుతుంది. తరువాత ట్యూబు పూర్తిగా ఆరిపోవచ్చు. తిరిగి దొరకని వస్తువు మీద ఇటువంటి ప్రయోగం చేయడం కన్నా, గది కిటికీలు మూసి, తక్కువ వెలుగుతో రోజుకు కొంతసేపు మాత్రం చూడడం మేలు. వృద్ధుణ్ణి పరుగెత్తించరాదు గదా.

పెట్టె ముందు ఒక నోటు పుస్తకం ఉంచుకొమ్మని కొత్తగా ఈ పనిలోకి వచ్చే యువకులకు చెబుతుంటాను. చేతిలో టంకపు కడ్డీ పట్టకముందు తెర మీద కనబడినదంతా అందులో వ్రాయవలె. వెలుగు, ఆకారం, బొమ్మ, ఈ మూడు శీర్షికల కింద ఉన్నదేమిటో, లేనిదేమిటో నమోదు చేసిన తరువాత మార్చిన ప్రతి వస్తువునూ తేదీతో వ్రాయవలె. ఒక్కసారికి ఒక్కటే మార్చవలె. మార్చిన పాత వస్తువును పారవేయక చిన్న సంచిలో వేసి పెట్టెలోనే కట్టి ఉంచవలె. రేపు మరొకరు ఆ పెట్టెను విప్పినప్పుడు ఏది తొలినాటిదో, ఏది మన చేతి పనియో వారికి తెలియవలె.

దేవరకొండ పెట్టె ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నది. పండుగలకు ఒక గంటసేపు వెలిగిస్తారని విన్నాను. దాని తెర నడుమ గోధుమరంగు గీత కూడా అట్లాగే ఉన్నది. నా నోటు పుస్తకం మొదటి పేజీలో ఆ పెట్టె పేరు పక్కన నేను వ్రాసుకున్న మాట ఒక్కటే: ముందు వెలుగు తగ్గించు.